ఖాళీ డబ్బీల వేళ

పై వాటా కోడలికి మతి చెదిరిందని పక్కింటావిడ కింది వాటావిడతో అన్నదట. పొద్దు వాలితే చాలు, బాల్కనీలో పీట వేసుకుని, వేలెడంత గిన్నెల్లోంచి నల్లమట్టి తవ్విపోస్తోందట, లంకెబిందెలేమైనా దొరుకుతాయేమోనని. అత్తగారు ఈ కబురు మోసుకొచ్చి, కోడలికే నవ్వుతూ చెప్పి, "సరేగానీ, ఆ మిషన్లో నాకింకో కాఫీ పెట్టవే" అన్నది.

మిషన్ని తెచ్చింది భర్త. "నీకు పని తగ్గించడానికే. డబ్బీ పెట్టి మీట నొక్కడమేగా" అన్నాడు. అతను చేసేది ఆ నొక్కడం వరకే. గుక్కెడు కాఫీకి, పొడి నింపిన వేలెడంత రేకు డబ్బీ ఒకటి చొప్పున ఖాళీవి గంపెడయ్యాయి. పొడి అంటుకున్న రేకు పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరనీ, ఊరి చివర చెత్తగుట్టలోకే పోతుందనీ, అక్కడ మనుమల తరానికి కూడా కరగదనీ కోడలు కంగారుపడితే, "అయితే కాస్త పొడీ రేకూ విడదీయరాదూ? ఇంట్లోనేగా ఉంటావు" అన్నాడు.

తనని ఎవరూ పిలవని ఒక్క సాయంత్రపు వేళా అలా పోయింది. ఒకప్పుడు ఊరికే కూచుని మబ్బుల్ని చూసేది. ఇప్పుడు చాకుతో మూత చించడం, తడిపొడి గీకడం, కడగడం. అయినా ఆ పొడి వాసన మాయదారిది. వేళ్లు అందులో దిగగానే తొలివానకి తడిసిన చేలో మట్టిగడ్డలు చిదుముతున్న పిల్లయిపోయేది. కడిగి బోర్లించిన డబ్బీలు గాలికి గలగలమని, ఒక్కొక్కటే గోడ దాటి, ఎర్రబడిన ఆకాశంలోకి పడవల్లా తేలిపోయేవి. తను కావాలనుకుని కాలేకపోయినవాళ్లందరూ వాటిలో కూచుని, రమ్మని చెయ్యూపేవాళ్లు. ఒక కాలెత్తి ఎక్కబోయేంతలో లోపల్నుంచి కేక వచ్చేది: "నా తువ్వాలెక్కడ పెట్టావ్?"

ఆ ఆదివారం భర్త స్నేహితులు భార్యలతో సహా వచ్చారు. మిషన్ ఉస్సు ఉస్సుమంటోంది. భర్త సోఫాలో వెనక్కి వాలి, "మా ఇంట్లో ఒక్క డబ్బీ చెత్తలోకి పోదు. మేం ప్రతిదీ విప్పి, కడిగి, ఆరబెట్టి పంపిస్తాం" అన్నాడు.

"గొప్పే మరి. మాకంత తీరికెక్కడిదండీ" అన్నది ఒకావిడ.

"దానిదేముంది, మీవి కూడా పంపించెయ్యండి. మేం చేసేస్తాం."

ట్రే పట్టుకున్న కోడలు గడపలోనే ఆగింది. మేం. ఎదుటివాళ్లని వాకిట్లో నిలబెట్టి, ఇంట్లోవాళ్లందరినీ లోపలికి పిలుచుకునే మాట. ఆ మాటలో గదిగదీ తిరిగి తన కోసం వెతుక్కుంది. సోఫాలో భర్త కనిపించాడు, కుర్చీలో అత్తగారు కనిపించింది. గోళ్లలో నలుపున్న మనిషి మాత్రం ఎక్కడా లేదు.

ట్రే బల్ల మీద పెట్టింది. బాల్కనీలోకి వెళ్లి గంప, పీట, చాకు తెచ్చి, చప్పుడు కాకుండా భర్త కాళ్ల దగ్గర సర్దింది.

"మా డబ్బీలు రేపే పంపించమంటారా?" తీరిక లేదన్నావిడ కోడల్నే అడిగింది.

"ఆయన్నడగండి. ఆ మేంలో నేను లేను."