గ్రానైట్ గడప

శుక్రవారం పొద్దున గడపకు పసుపు రాయడం మా హోసూరు ఇంట్లో ఒక సర్కస్. మా గడప గ్రానైటుది. బెత్తెడు వెడల్పు, వేలెడు ఎత్తు, అద్దం లాంటి నునుపు. ఈ కొస నుంచి రాసుకుంటూ ఆ కొసకు చేరేలోపు మొదట రాసిన పసుపు జారి టైల్స్ మీదికి దిగుతుంది. అంచెట్టిలో మా అమ్మవాళ్ళ ఇంటికి చెక్క గడప. దాని మీద కూర్చుని శనక్కాయలు ఒలిచేవాళ్ళం, తలలు దువ్వుకునేవాళ్ళం, అలిగేవాళ్ళం. ఈ గ్రానైట్ గడప మీద అలగడం కుదరదు, జారిపోతాం. నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన ముఖేశ్ ఆ పసుపు తొక్కి, మంచం దాకా పచ్చటి అడుగులు వేసుకుంటూ పోయాడు. "ఏం వినుతా, లక్ష్మీదేవి వచ్చినట్టుంది కదా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే తడిగుడ్డ తెచ్చి లక్ష్మీదేవి అడుగులు తుడిచాను.

ఎండాకాలంలో మా పెళ్ళయింది. అప్పటినుంచి ఏదో ఒక దానికి నవ్వుతూనే ఉన్నాను. ముఖేశ్ స్నేహితులు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు హోసూరును సిటీ అంటే ఎగతాళి చేస్తారు. చేయనీ. అడవి దాటి ఎప్పుడో ఒక బస్సు వచ్చే కొండ ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకు ఇది మహానగరమే. మా వీధిలో ఆకుకూరలమ్మ అరవంలో ధర చెబుతుంది, నేను తెలుగులో బేరమాడతాను, పక్కింటావిడ కన్నడలో తీర్పు చెబుతుంది. మెంతికూర మాత్రం ముగ్గురి సంచుల్లోకీ ఒకే ధరకు చేరుతుంది. తెల్లవారకముందే కంపెనీ బస్సులు వరసగా పోతుంటే వాటి అద్దాలకు తల ఆనించి నిద్రపోయే ఆడపిల్లలను చూస్తూ మేడ మీద నిలబడతాను. ఎండాకాలంలోనూ ఇక్కడ సాయంత్రం గాలికి దుప్పటి కావాలనిపిస్తుంది. వీధి చివర పానీపూరి బండి ఉంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?

అన్నిటికంటే నాకు ఇష్టమైనది టౌన్ బస్సు. ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బు అడగరు. కొత్తలో ఏదో ఒక పని కల్పించుకుని ఎక్కేదాన్ని. తర్వాత పని లేకుండానే ఎక్కడం మొదలుపెట్టాను. కిటికీ పక్కన కూర్చుని బాగలూరు దాకా పోవడం, అదే బస్సులో వెనక్కి రావడం. అంచెట్టి బస్సెక్కితే ఎవరి కూతురు, ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తావు అని బస్సంతా అడుగుతుంది. ఇక్కడ కండక్టర్ తప్ప ఎవరూ అడగరు, ఆయన కూడా ఊరి పేరే అడుగుతాడు. నగరం గురించి నన్నెవరైనా అభిప్రాయం అడిగితే ఇదే చెబుతాను: నగరమంటే మనల్ని ఏమీ అడగకుండా కిటికీ పక్కన కూర్చోనిచ్చేది.

అలా తిరుగుతున్నప్పుడే బాగలూరు దారిలో ఆ ల్యాబ్ బోర్డు చూశాను. సీసాల్లో పూల మొక్కలు పెంచే చోటు. నేను చదివింది బి.ఎస్సీ. బాటనీ. కాలేజీలో ఒకే ఒక్క సీసా ఉండేది, అందరం వంతులవారీగా దాన్ని చూసేవాళ్ళం. ఇక్కడ గదుల నిండా సీసాలే. లోపలికి పోయి అడిగాను. రెండుసార్లు పిలిచి మాట్లాడారు. సోమవారం నుంచి చేరమన్నారు. ఆ వార్తతో ఇంటికి వచ్చి ముఖేశ్ చేతులు పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగాను. ఆయనా తిరిగాడు. ఆగాక, తల గోక్కుంటూ, "కానీ వచ్చేది ఆషాఢం కదా" అన్నాడు.

కొత్త కోడలు మొదటి ఆషాఢం అత్తతో కలిసి ఒకే గడప దాటకూడదని మా రెండు వైపులా పట్టింపు. నెలంతా పుట్టింట్లో ఉండాలి. అత్త మునివెంకటమ్మ మత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది, మేము హోసూరులో. కాబట్టి మాకేం సంబంధం లేదని నేను అనుకున్నాను. "కొడుకు ఇల్లు యాడుంటే అదే నా గడప" అని ఆమె ఫోన్లో తేల్చేసింది. "ఒక్క నెలే కదా, వాళ్ళు కాకపోతే ఇంకొకరు ఇస్తారులే ఉద్యోగం. నువ్వు ఊరికే ఉన్నదానివే కదా" అన్నాడు ముఖేశ్. ఆయన చెడ్డవాడు కాదు. ఆదివారాలు గిన్నెలు కడుగుతాడు. కడిగాక తుండుతో చేతులు తుడుచుకుంటూ "నీకు హెల్ప్ చేసినాను చూడు" అంటాడు. ఆ గిన్నెల్లో ఇద్దరం తిన్నాం. ఆయన కడిగితే నాకు హెల్ప్, నేను కడిగితే ఊరికే ఉండటం. ఈ సంగతి చెప్పి ముద్దుగా ఉన్న రోజులను పాడుచేసుకోవడం ఇష్టం లేక అప్పటికి నవ్వేశాను. కానీ ఆ "ఊరికే" మాత్రం గ్రానైట్ మీది పసుపులా జారిపోలేదు, అంటుకుంది. సోమవారం నేను చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఆ సంగతి ల్యాబ్‌వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

శనివారం మధ్యాహ్నం తలుపు తీసేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. చంకలో రాగిపిండి సంచి, చేతిలో గుడ్డసంచి, ముఖం నిండా బస్సు దుమ్ము. నన్ను అంచెట్టి బస్సెక్కించడానికి స్వయంగా వచ్చింది. ఆషాఢం అప్పటికే వచ్చేసింది కాబట్టి లోపలికి రాదు. నన్ను బయటికి రమ్మనలేదు, అది తన గడపేనని ఫోన్లో తేల్చేసింది కాబట్టి నేనూ దాన్ని దాటకూడదు కదా. బట్టలు సర్దుకోమంటుంది, సర్దుకుంటే బయటికి రావడమెలాగో ఆమెకూ తెలియదు. అంత దూరం వచ్చాక గాని ఈ చిక్కు ఆమెకు తట్టలేదు. నిలబడి నిలబడి మెట్ల మీద కూలబడింది. నేను లోపల టైల్స్ మీద కూర్చున్నాను. మా మధ్య బెత్తెడు గ్రానైటు.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆదిలక్ష్మమ్మ కాఫీ లోటా తెచ్చింది. "ఏమమ్మా, కొడుకు ఇంటికొచ్చి బయట కూసుంటే చూసేవాళ్ళు నన్ననుకుంటారు, ఓనరమ్మ రానీలేదని" అంది.

"నీ ఇల్లు బాగుండాది తల్లీ. గడపే ఒకటి తక్కువైంది" అంది అత్త.

ఈ గోలకు ముఖేశ్ నిద్ర లేచి వచ్చాడు. లుంగీ సర్దుకుంటూ, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, సరిగ్గా గడప మీద నిలబడి ఆవలించాడు. "ఎప్పుడొచ్చినావమ్మా?" అన్నాడు. అత్తా నేనూ ఒకేసారి ఆయన కాళ్ళ వైపు చూశాం. ఆ గడప ఆయనను ఏ నెలలోనూ ఏమీ అడగలేదు.

"లోపలికన్నా పో, బయటికన్నా రా. నడిమధ్య నిలబడద్దు" అంది అత్త. ఆయన లోపలికి పోయి మళ్ళీ పడుకున్నాడు.

"అత్తా, సోమవారం నుంచి పనికి రమ్మన్నారు. నేను పోవల్ల" అన్నాను.

"ఏం పని?"

"సీసాల్లో మొక్కలు పెంచేది."

"మన్ను లేకుండానా?" ఆమె కాఫీ ఆపి చూసింది. "ఉద్యోగం యాడికీ పోదు లేమ్మా. ఈ నెల పోతే మళ్ళీ రాదు. నీకు తెలీదు. నా మొదటి ఆషాఢం మా అమ్మగారింట్లో ఎండెక్కేదాకా పండుకున్నాను. ఎవురూ లేపలేదు. మేకలు అరస్తా ఉంటే ఇంకెవురో పోతారులే అనుకుని అటు తిరిగి పండుకునేదాన్ని. నా బతుకులో అట్ల నిద్రపోయింది ఆ ఒక్క నెలే."

"మరుసటి ఆషాఢం?"

"అప్పటికి నీ మొగుడు కడుపులో ఉన్నాడు. పాతబడిన కోడల్ని ఎవురు పంపుతారు?"

ఆమె ఖాళీ లోటాను రెండు చేతుల మధ్య తిప్పుతూ ఉంది. ఇన్ని రోజులూ ఆమె నా ఉద్యోగం పోగొట్టడానికి పట్టుబడుతోందనే అనుకున్నాను. ఆమె నాకు నిద్ర తెచ్చింది. తనకు దొరికిన ఒకే ఒక్క సెలవును, రాగిపిండి సంచితో పాటు బస్సులో మోసుకొచ్చి, నువ్వు తీసుకోమ్మా అంటోంది. మా తాతమ్మల కాలం నుంచి ఆడవాళ్ళకు సెలవు కావాలంటే ఇలా శాస్త్రం పేరు పెట్టి అడగాల్సి వచ్చిందేమో. ఊరికే కావాలంటే ఎవరిస్తారు? నాకు ఆమె మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు. కానీ నాకు కావలసింది నిద్ర కాదు. నాకు నిద్ర పట్టనిది సోమవారం గురించే.

అప్పుడే వెనక నుంచి గాలికి తలుపు కొట్టుకుంది. మా వంటింటి వెనక బట్టలుతికే చోటు ఉంది. దాని అవతలి కొసన ఉన్న తలుపు తీస్తే సందులోకి మెలికల ఇనుప మెట్లు దిగుతాయి. నీళ్ళ ట్యాంకు కడిగేవాళ్ళ కోసం వేయించినవి. చెత్తబుట్ట, తడిబట్టలు, ఖాళీ సిలిండరు, అన్నీ ఆ తలుపు నుంచే పోతాయి.

"అత్తా, ఒకే గడప దాటకూడదు, అంతే కదా?"

"అంతే."

"ఈ ఇంటికి రెండు గడపలుండాయి."

అత్త ఆలోచించింది. ఆదిలక్ష్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ముందర గడప నీది, వెనకది నాది" అన్నాను. "నువ్వు ఈడనే ఉండు ఈ నెల. ఎండెక్కేదాకా పండుకో. నేను లేపను. నీ సెలవు నువ్వే తీసుకో అత్తా."

"నేనా? ఈ వయసులోనా? అక్కడ మీ మామకు సంగటి ఎవురు కెలుకుతారు?" అంటూనే గుడ్డసంచిలోంచి ఫోన్ తీసింది. అవతల నుంచి మామ గోపాలప్ప గొంతు మెట్ల దాకా వినబడింది. నాకు అన్నమెట్లా, నేను మేకలకు ఆకేసొచ్చేసరికి సంగటి ఎవురు కెలుకుతారు అని. "మేకలకు ఆకేసే చేతులుండాయి కదా. ఆ చేతులతోనే సంగటి కెలుక్కో" అని అత్త ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక తనే ఆశ్చర్యపోయినట్టు ఫోన్ వైపు చూసుకుంది. తర్వాత మోకాలి మీద చేయి ఆనించి లేచి, పసుపు జారిపోయిన ఆ గ్రానైట్ గడప దాటి లోపలికి వచ్చింది.

ఆదివారం ఆమెను టౌన్ బస్సుకు పిలిచాను. ఆమె ముందు మెట్లు దిగింది, నేను ఇనుప మెట్లు దిగాను, సందు మలుపులో దొంగల్లా కలుసుకున్నాం. బస్సు రాగానే అత్త ఆగిపోయింది. "దీనికి గడప ఉండాదా?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. "రెండు వాకిళ్ళుండాయి. నువ్వు ముందరెక్కు, నేను వెనకెక్కుతా" అన్నాను. అలాగే ఎక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. గులాబీ తోటల షెడ్లు తెల్లగా మెరుస్తూ పోతుంటే ఆమె కొంగు గాలికి నా ముఖం మీద కొట్టుకుంది.

"యాడికి పోతా ఉండాము?"

"యాడికీ కాదు. ఊరికే."

"ఊరికేనా!" అంది. ఆ మాటను చక్కెర మిఠాయిలా నోట్లో తిప్పుకుని, "బాగుండాది" అంది. నాకు అంటుకున్న ముఖేశ్ "ఊరికే" అప్పుడు రాలిపోయింది.

సోమవారం నేను లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. ముఖేశ్ టీ తాగిన లోటా కడుగుతున్నాడు. నన్ను చూసి, "హెల్ప్ చేస్తా ఉన్నా" అన్నాడు.

"హెల్పు యాడిదిరా? నువ్వు తాగింది నువ్వు కడుగుతా ఉండావు" అని అత్త గొంతు బట్టలుతికే చోటు నుంచి వచ్చింది. ఆయన ఆ లోటా బోర్లించాడు. ఇంకో లోటా తీసుకున్నాడు, అది నాది. దాని నిండా టీ పోసి ఇచ్చాడు.

"ఎండెక్కేదాకా పండుకుంటావనుకుంటే!" అన్నాను అత్తతో, నీలం చుడీదారు చున్నీ సర్దుకుంటూ.

"రేపటి నుంచి పండుకుంటా. నువ్వు ఇట్ల రా."

వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడిపోయాను. చెత్తబుట్ట లేదు. సిలిండరు పక్కకు జరిగింది. ఏ శుక్రవారమూ నేను కూడా పట్టించుకోని ఆ గరుకు సిమెంటు గడపకు నిండుగా పసుపు, వరసగా కుంకుమ బొట్లు. సిమెంటు కదా, పసుపు ఒక్క చుక్క కూడా జారలేదు. ఇనుప మెట్ల మీదుగా కిందికి చూస్తే, సందులో మెట్ల పాదం దగ్గర చిన్న ముగ్గు. ఆ మోకాళ్ళతో అన్ని మెలికల మెట్లు ఎట్లా దిగిందో అనుకున్నాను. కాదు, నా గడప దాటకుండా ముందు నుంచి దిగి సందంతా చుట్టి వచ్చి ఉంటుంది.

నేను అడుగు ఎత్తాను.

"ఆగాగు" అంది అత్త. పెళ్ళినాడు మత్తూరు ఇంటి ముందు అన్నట్టే, అదే గొంతుతో. "కుడికాలు పెట్టి పో తల్లీ."

ఇంట్లోకి వచ్చేటప్పుడు కుడికాలు పెట్టమన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. బయటికి పోయేటప్పుడు చెప్పింది ఈమె ఒక్కతే. నేను కుడికాలు బయట పెట్టాను.