మందు కలిపిన టీ

మా చెల్లెలి కోడలి దవడ ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు. నవ్వితే మూతి ఎడమ పక్కకి లాగుతుంది. అలాగని నవ్వడం మానేసిందనుకోకండి. ఆ దవడ అలా కావడానికి కారణం ఒక గ్లాసుడు టీ.

చెల్లెలికి అప్పట్లో ఒంట్లో రక్తం లేదు. కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉండేది. వంటింటి నుంచి వాకిట్లోకి రావాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. డాక్టరమ్మ ఇనుము చుక్కల సీసా ఇచ్చింది. చెల్లెలు ఒక్కసారి నాలుక మీద వేసుకుని, తుప్పు పట్టిన మేకు నాకినట్టుందని ఉమ్మేసింది. ఆవిడకి కావాల్సిందల్లా టీ. పాలు పొయ్యకూడదు, నాలుక పట్టేసేంత వగరుగా మరగాలి. వగరు తగ్గితే గ్లాసు వెనక్కి తోసేది.

కోడలు కుట్టుమిషను మీద పనిచేసే పిల్ల. తల్లి లేకుండా పెరిగింది, అత్తనే అమ్మలా చూసుకునేది. అత్త అలా పాలిపోతుంటే దానికి కాలూ చెయ్యీ ఆడేది కాదు. ఒకరోజు విసుగొచ్చి నాతో అంది, "ఏదో ఒకటి కలిపి పోస్తే గానీ ఈవిడ దారికి రాదు పెద్దత్తయ్యా." నేను నవ్వేసి ఊరుకున్నాను. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న దాని మొగుడు నవ్వలేదు.

వాడు లారీల షెడ్డులో మెకానిక్కు. చిన్నప్పటి నుంచీ చేతిలో బోల్టులు బిగించే పానా ఉండేది కాబట్టి వీధిలో అందరికీ వాడు పానాయే. మంచివాడే అంటారు, కోపం లేనప్పుడు. కోపం వచ్చిందంటే మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది.

ఆ మర్నాటి నుంచే కోడలు ఎవరికీ చెప్పకుండా టీలో ఆ చుక్కలు కలపడం మొదలుపెట్టిందట. నాకూ తెలియదు. చెల్లెలిది మందపాటి పింగాణీ కప్పు, లోపలంతా మరక పట్టి ఉండేది, ఏ రంగు పోసినా తెలిసేది కాదు. నెలల తరబడి తాగింది. అయినా మొహంలోకి రక్తం రాకపోగా ఇంకా వాడిపోయింది. పానా అది చూస్తూనే ఉన్నాడు. వాడి కడుపులో ఆ పాత మాట కుళ్ళుతూనే ఉంది.

ఒక సాయంత్రం ఆ కప్పు కాస్తా చేజారి పగిలింది. కోడలు గాజు గ్లాసులో టీ పోసింది. నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పానా చేతులు కడుక్కోవడానికి లోపలికి వచ్చాడు, షెడ్డులోని ఇనప పానా ఇంకా చంకలోనే ఉంది. అప్పుడే కోడలు సీసా మూత తీసి చుక్కలు వేసింది. ఎర్రటి టీ మా కళ్ళ ముందే సిరాలా నల్లబడిపోయింది.

ఏం కలిపావే అని వాడు అడిగాడు. పక్క గదిలో ఉన్న అత్తకి వినబడకూడదని అది గొంతు తగ్గించి చెప్పింది.

"మందు కలిపాను."

చూశారా, మనకి ఉన్నది ఒకటే మాట. బతికించేదీ మందే, పురుగుల్ని చంపేదీ మందే. అది ఒకటి చెప్పింది, వాడు ఒకటి విన్నాడు.

పానాతోనే కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. అది పొయ్యి మీదికి తూలింది, మరుగుతున్న గిన్నె దాని భుజం మీద బోర్లా పడింది. నేను వాడి చొక్కా పట్టుకుని లాగితే విసిరికొట్టాడు. నా మోచెయ్యి తలుపుకి తగిలి తిమ్మిరెక్కింది. వాడు దాని గుండెల మీద మోకాలు పెట్టి, ఆ విరిగిన దవడే పట్టుకుని తెరిచాడు. మా అమ్మకి పోసేది నువ్వే తాగు అంటూ గ్లాసు వంచాడు. అది చేతులతో నేల గీరుతోంది. మందు అన్న మాట ఇంకోసారి చెప్పడానికి దానికి నోరు ఏది?

నేను వీధి చివరి ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తాను. దాని అన్న అక్కడ ఐసు దిమ్మలు పగలగొడతాడు. నా మాట పూర్తికాకముందే చేతిలో సుత్తితోనే బయల్దేరాడు.

మేం వచ్చేసరికి అది గోడవారగా పడి ఉంది. గడ్డం మీద నెత్తురు, పెదాలు నలుపు, పళ్ళు నలుపు. పానా ఎదురుగా చతికిలబడి ఉన్నాడు.

"విషం బావా. అదే కలిపింది. దానికే పోశాను."

ఐసు అబ్బాయి, అంటే దాని అన్న, ఒక్కటే అడిగాడు.

"ఏ చేత్తో పోశావు?"

పానా తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అన్నకి ఆ చూపు చాలింది. ఆ చెయ్యి గడపరాయి మీదికి లాగి, మణికట్టు మీద కాలు పెట్టి, సుత్తి దించాడు. మళ్ళీ దించాడు. నేను ఒలిచిన చిక్కుడు గింజలు నెత్తుట్లో దొర్లాయి. తర్వాత తన చెల్లెల్ని ఎత్తుకెళ్ళి ఐసు బండి మీద తడి గోనెల్లో పడుకోబెట్టాడు.

మా చెల్లెలు గోడ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో కొడుకు మెలికలు తిరుగుతున్నాడు, వీధిలో కోడలు మూలుగుతోంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొడుకుని దాటుకుని వెళ్ళి బండి చువ్వ పట్టుకుంది.

గ్లాసూ సీసా నేను కొంగున కట్టుకుని ఆసుపత్రికి తెచ్చాను. డాక్టరమ్మ సీసా చూసి, క్యాంటీన్ నుంచి పాలు లేని టీ తెప్పించి, అందులో రెండు చుక్కలు వేసింది. అదీ నల్లబడింది. ఐసు అబ్బాయి సుత్తి అక్కడే జారవిడిచాడు.

డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, టీ ఆకులోనూ పళ్ళ తొక్కల్లోనూ వగరుగా ఉండేవాటిని పాలీఫినాల్స్ అంటారట. నాకు నోరు తిరగడానికి వారం పట్టింది. గుండెకీ రక్తనాళాలకీ మేలు చేస్తాయంటారట. కానీ ఇనుము కనబడితే గట్టిగా పట్టేసుకుంటాయట. ఆ నలుపు అదే, విషం కాదు. అలా పట్టుబడ్డ ఇనుము చాలావరకు ఒంటికి పట్టదు. పొద్దున్నే నిమ్మరసంతో చుక్కలు వేసుకోవాలి, టీ చాలాసేపాగి తాగాలి. అంటే నెలల తరబడి మా పిల్ల దొంగచాటుగా పడ్డ పాట్లన్నీ టీపాలే.

పోలీసులు బావామరుదులిద్దరి మీదా కేసు రాశారు. దవడకి కట్టిన తీగలు విప్పాక కోడలు అన్న ఇంటికి వెళ్ళిపోయింది. మా చెల్లెలు కూడా ట్రంకు పెట్టె సర్దుకుని దాని వెంటే వెళ్ళింది. ఎవరు అడిగినా, నా మందు దాని దగ్గరుంది అనేది.

కొన్నాళ్ళకి అక్కడికి పానా వచ్చాడు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు, ఇక పానా పట్టలేడు. గుమ్మంలో నిలబడి ఇంటికి రమ్మని బతిమాలాడు. కోడలు టీ పెట్టింది. వాడి ఎదుటే గాజు గ్లాసులో పోసి, చుక్కలు వేసి, నల్లబడ్డాక వాడి ఎడమచేతికి ఇచ్చింది.

"తాగు."

వాడికి అన్నీ తెలుసు, డాక్టరమ్మ వాడికీ చెప్పింది. గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళాడు. ఇంకోసారి ప్రయత్నించి, గ్లాసు గట్టు మీద పెట్టేశాడు.

ఆ వంకర దవడతో అది ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "మందని తెలిసి కూడా నీకు గొంతు దిగలేదు. విషమనుకుని నా నోట్లో పోశావు."

వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు.

మా చెల్లెలు లోపలి గదిలోంచి వచ్చింది, గోడ పట్టుకోకుండా. ఆ గ్లాసు తీసుకెళ్ళి తూములో వంచేసింది.

"రెండూ కలిపితే దండగని చెప్పిందిగా డాక్టరమ్మ. నాకు మళ్ళీ పెట్టవే, కాస్త వగరుగా."