వాసన చూస్తే చాలు

"కిచెన్ ఉన్న రూమే సూడు," అన్నాడు శశిధర్, పులుసు అన్నంలో కలుపుకుంటూ. "మూడుపూటలా వాళ్ళ చీజూ బ్రెడ్డూ నావల్ల కాదు. ఒక్కపూటైనా మన చారు పడాల."

ముప్పయ్యో పెళ్ళిరోజుకి నాసిక్ వెళ్దామన్నది ఆయనే. ఆయన పనిచేసే ఉక్కు ప్లాంటులో స్నేహితుడు రవికాంత్ భార్యతో వెళ్ళొచ్చాడు. కొండ మీద ద్రాక్షతోటలు, తోట మధ్యలో బస, సాయంత్రం వైన్, దానికి తగిన భోజనం. ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచీ ఈయనకి అదే ధ్యాస. ధ్యాస ఆయనది, ఏర్పాట్లు నావి. దుర్గ్‌లో ఎక్కే రైలు, నాసిక్‌లో కొండెక్కే బండి, ఏ తోటలో ఏ పూట భోజనం, బీపీ మాత్రలు, దారిలోకి పులిహోర. ఇప్పుడు అక్కడ కూడా ఒక పొయ్యి.

"నాకు వైన్ అలవాటు లేదు కదండీ," అన్నాను.

"నిన్ను తాగమని ఎవడన్నాడే? వాసన చూస్తే చాలు. సగం మజా వాసనలోనేనట, రవికాంత్ చెప్పాడు."

నేను నవ్వాను. నన్ను నవ్వించాననుకుని ఆయనా నవ్వాడు.

నాకు వాసన తెలియదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్‌లో పోయింది. అత్తగారు నూకరత్నం ఆసుపత్రిలో, శశిధర్ ఆసుపత్రి బయట, నేను జ్వరంతో ఇంట్లో. ఆయనకి క్యారేజీ కట్టాలని తిరగమోత పెడుతుంటే నూనెలో ఇంగువ పడింది, ఏమీ రాలేదు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అక్కడా ఏమీ లేదు. వారం తిరక్కుండా అత్తగారు పోయారు. మనిషి పోయిన ఇంట్లో నా ముక్కు సంగతి ఎలా ఎత్తను? తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. లవంగాలూ నిమ్మతొక్కలూ రోజూ వాసన చూస్తుంటే తిరిగి రావచ్చని ఎక్కడో చదివి, శశిధర్ డ్యూటీకి వెళ్ళాక గుప్పిట్లో పట్టుకుని కూర్చునేదాన్ని. రాలేదు.

ఎవరికీ తెలియకపోవడానికి కారణం కూడా అత్తగారే. కాపురానికొచ్చిన కొత్తలో పప్పులో ఉప్పు చూద్దామని గరిటెతో అరచేతిలో ఒంపుకుని నాలుకకి తగిలించాను. ఆవిడ ఆ గిన్నె మొత్తం నా చేతే పారబోయించారు. "దేవుడికి పెట్టకుండా నాలిక్కి తగిలిస్తే ఎంగిలి కాదేటి? మా ఇంట్లో ఆడోళ్ళు కంటితో వొండుతారు, సెవితో వొండుతారు. నాలిక్కి పన్లేదు." అలాగే నేర్చుకున్నాను. ఆవాల చిటపట ఎక్కడ ఆగాలో, ఉల్లిపాయ ఏ రంగుకి రావాలో, చారు మీద నురగ ఎంత లేవాలో. దేవుడి తర్వాత రుచి చూసేది శశిధర్. ఆయన దగ్గర రెండే తీర్పులు: బాగుంది, ఉప్పెక్కువ. ముక్కు పోయాక కూడా నా వంటలో ఏమీ మారలేదు. మారడానికి అందులో నా రుచి ఎప్పుడుంది గనక?

ఒక్కసారి మాత్రం బయటపడబోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను పక్కనే బీరకాయలు తరుగుతున్నాను. డ్యూటీ నుంచి వచ్చిన శశిధర్ గుమ్మంలోనే అరిచాడు. "ఇల్లంతా గ్యాస్! ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే?" ప్లాంటులో ఆయన గ్యాస్ సేఫ్టీ ఆఫీసరు. ఫర్నేసు దగ్గర వాసన లేని గ్యాస్ ఒకటుంటుందని, మనిషి తనకి తెలియకుండానే పడిపోతాడని, అందుకే పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెబుతాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే కిటికీలు తీస్తూ, "అమ్మ ఉంటే ఇలా జరిగేదా," అంటున్నాడు. నోరు మూసుకుని బీరకాయల దగ్గరకి వెళ్ళిపోయాను.

మా నాన్న అప్పలసూరి కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు. బొగ్గుని కాల్చే ఆ బట్టీల తారు వాసన ఖుర్సీపార్‌లోని మా ఇంటికి ఆయన వెంటే వచ్చేది, స్నానం చేసినా పోయేది కాదు. చిన్నప్పుడు ఆ వాసన ఇంట్లోకి వస్తేనే నాకు నిద్ర పట్టేది. ఈ మధ్య ఆటోలో అటు వెళ్తుంటే, "ఛీ, క్యా బద్బూ హై," అంటూ శశిధర్ రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ముఖం చూసి నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాకు అందని వాసనకి, మా నాన్న వాసనకి, ముక్కు మూసుకున్నాను. ఆ పూట అన్నం తినలేకపోయాను. ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున ఫోన్‌లో ద్రాక్షతోటవాళ్ళ పేజీ తెరిచాను. ఒక్కో వైన్ కింద దాని వాసనలు రాశారు. జామపండు. తడిసిన మట్టి. పొగ. లవంగం. పోయినవాళ్ళ పేర్లు చదివినట్టు చదివి, ఫోన్ చేశాను. ఒక అమ్మాయి హిందీలో హుషారుగా మాట్లాడింది. సార్‌కి ఏం ఇష్టం అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, పుట్టగొడుగులు పడవు, భోజనం చివర పెరుగు ఉండాలి.

"ఔర్ ఆప్, దీదీ?"

మరి మీకేం ఇష్టం అని అడుగుతోంది. చివరికి, "నాకు వాసన తెలియదు. వైన్ నాకు పుల్లనీళ్ళే అవుతుంది," అన్నాను.

"అరే. కబ్ సే, దీదీ?"

ఎప్పట్నుంచి అని అడిగింది, అంతే. నేను కుళాయి తిప్పాను, నా ఏడుపు ఆమెకి వినపడకుండా. కాసేపటికి కుళాయి కట్టేసి, కిచెన్ ఉన్న గది వద్దని, కొండవైపు కిటికీ ఉన్న మామూలు గది ఇమ్మని చెప్పాను.

మధ్యాహ్నం బెండకాయ పులుసు తెచ్చి బల్ల మీద పెట్టాను.

"కిచెన్ రూమ్ దొరికిందా?"

"దొరికింది. తీసుకోలేదు."

"ఏటీ?"

"కరోనా అప్పట్నుంచి నాకు వాసన తెలీడం లేదండీ. ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాసిక్ వస్తాను. అక్కడ వండను."

శశిధర్ చెయ్యి కంచం మీద ఆగిపోయింది. నన్ను చూశాడు. గిన్నెని చూశాడు. నేను ఎదురుచూశాను.

"మరి వంట బాగానే ఉంటోంది గదా?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎగతాళి అయితే తట్టుకోగలిగేదాన్ని.

గరిటెతో పులుసు తీసి అరచేతిలో ఒంపుకున్నాను. ఇంకా దేవుడికి పెట్టలేదు. ఆయనకి వడ్డించలేదు. నాలుకకి తగిలించాను.

"పుల్లగా ఉంది. ఉప్పు సరిపోయింది. నాకు తెలిసేది ఇంతే. వాసన ఎలా ఉందో మీరు చెప్పండి."

ఆయన గిన్నె మీదకి వంగాడు. గట్టిగా పీల్చాడు. "బాగుంది," అన్నాడు.

"బాగుంది అంటే?"

మళ్ళీ వంగాడు. ఈసారి కళ్ళు మూసుకుని పీల్చాడు. నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి. ముప్పయ్యేళ్ళుగా తింటున్న ఆ పులుసుకి ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

"ఇంగువ," అన్నాను చివరికి నేనే, గుర్తున్నంతలో. "వేగిన మెంతులు. అడుగున కాస్త బెల్లం."

ఆయన తల ఊపాడు, ఇప్పుడే తెలిసినట్టు.