ఓటీపీ అడగడానికి వెళ్ళినవాళ్ళం

శని, ఆదివారాలు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను. వెబ్‌సైట్లు ఎలా చేయాలి, చిన్న వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో నలుగురికీ ఎలా తెలిసేలా చేయాలి, ఇవే నా పాఠాలు. బ్యాచ్‌కి ముప్పై మంది ఉంటారు. మొదటి రోజు బోర్డు మీద రాసే మొదటి మాట ఇది: వెబ్ అడ్రస్ ఎప్పుడూ వ్యాపారం చేసేవాళ్ళ పేరు మీదే కొనాలి, మీ పేరు మీద కాదు. ఎందుకు సార్ అని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. చెప్పింది రాసుకోవయ్యా అని కసురుతాను.

ఎందుకో నాకు బాగా తెలుసు కాబట్టే ఆ కోపం. పదకొండేళ్ళ కిందట నేను చేసిన వెధవ పని సరిగ్గా అదే.

అప్పుడు నాకు దొరికిన మొట్టమొదటి గిరాకీ శివరాములు గారు. సిరిసిల్ల నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక సందులో బ్లౌజులు కుట్టేవాడు. దుకాణానికి వాళ్ళమ్మ పేరే పెట్టుకున్నాడు, కమలవ్వ బ్లౌజులు అని. వెబ్‌సైట్ చేసిపెడతానంటే నమ్మి అడ్వాన్సు ఇచ్చాడు. నేను ఆ అడ్రస్‌ని నా ఈమెయిల్‌తో, నా ఫోన్ నంబరుతో, 'రఘురామ్ గ్లోబల్ వెబ్ సొల్యూషన్స్' అనే సంస్థ పేరు మీద కొన్నాను. ఆ సంస్థకి ఉన్న ఆస్తి హాస్టల్లో నా మంచం, దాని మీద ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. రిజిస్ట్రేషన్ లేదు, కాగితం లేదు. పేరు గొప్పగా ఉంటుందని పెట్టుకున్నాను, అంతే. అడ్రస్ మన గుప్పిట్లో ఉంటే గిరాకీ ఇంకొకడి దగ్గరికి పోదని సీనియర్లు చెప్పారు. అది తెలివి అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆయన పోలేదు. పోయే మనిషి కాదు. పైగా ఆ అడ్రస్‌ని నాకంటే బాగా వాడుకున్నాడు. ప్రతి బ్లౌజుకీ మెడ వెనక లోపలి వైపు ఒక చిన్న గుడ్డ లేబుల్ కుట్టేవాడు. దాని మీద 'కమలవ్వ' అనే పేరు, పక్కన స్కాన్ చేసే కోడ్. ఫోన్ పెట్టి చూస్తే సైట్ తెరుచుకుంటుంది, అందులో పాత కొలతలు ఉంటాయి. కరీంనగర్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా గుడ్డ కొరియర్‌లో పంపితే చాలు. కూతురు ఉష ఆ ఆర్డర్లన్నీ చూసుకుంటుంది. ఇప్పుడు దుకాణంలో పనిచేసే ఆరుగురికి కూడు పెడుతున్నది ఎదురుగా వచ్చే గిరాకీ కాదు, ఆ లేబులే.

ఈ ఏడు పెళ్ళిళ్ళ రోజుల ముందు ఉష ఫోన్ చేసి సైట్ తెరుచుకోవడం లేదని చెప్పింది. ఏముంది, ఐదు నిమిషాల్లో చూస్తానన్నాను. చూస్తే అసలు సంగతి బయటపడింది. ఏటా అడ్రస్‌కి డబ్బు కట్టే నా పాత బ్యాంకు కార్డు గడువు అయిపోయింది. హెచ్చరికలన్నీ నేను తెరవడం మానేసిన పాత ఈమెయిల్‌కి వెళ్ళాయి. అడ్రస్ కొన్న ఖాతా తెరవాలంటే పాత ఫోన్ నంబరుకి వచ్చే ఆరంకెల ఓటీపీ కావాలి. ఆ నంబరు నాలుగేళ్ళ కిందట నేనే వదిలేశాను. వేరే కంపెనీవాడు మూడు నెలలు నెట్ ఉచితమంటే కక్కుర్తి పడ్డాను.

అడ్రస్ అమ్మిన కంపెనీకి రాశాను. చాలా మర్యాదగా జవాబు వచ్చింది, మీ సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం పంపండి అని. ఆ సంస్థే నేనండీ, ఇదిగో నా ఆధార్ అని రాశాను. మళ్ళీ అంతే మర్యాదగా అదే జవాబు. ఐదుసార్లు రాస్తే ఐదుసార్లూ అదే ఉత్తరం, కింద సంతకం చేసే పేరు మాత్రం మారింది. ఫోన్ చేసి తిడదామంటే వాళ్ళకి నంబరు కూడా లేదు.

గురువారం సాయంత్రం ఆరింటితో గడువు పూర్తిగా పోతుంది. ఆ తర్వాత ఆ అడ్రస్‌ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరు కొంటారో కూడా నాకు తెలుసు. ఒక హోమియో డాక్టరు పోగొట్టుకున్న అడ్రస్ ఇప్పుడు పేకాట సైట్ అయింది, ఆ బొమ్మ నా క్లాసులోనే చూపిస్తాను, పిల్లలు నవ్వుతారు. ఈ విషయం శివరాములు గారికి చెప్పక తప్పలేదు. ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టాడు.

"ఆడివిల్లలు మెడకాడ మా అమ్మ పేరు ఏసుకొని తిరుగుతుండ్రు సార్," అన్నాడు. "దాన్ని పట్టుకొని పోతే జూదం కనవడుతదా?"

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నా ప్రాణం కొంత తేలికపడేది.

గురువారం పొద్దున్నే నా పాత నంబరుకి నేనే ఫోన్ చేశాను. అవతల ఎవరో పెద్దావిడ. అమ్మా, మీ ఫోన్‌కి ఇప్పుడు ఆరంకెలు వస్తాయి, అవి కొంచెం చెబుతారా అని అడిగాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆవిడ టక్కున పెట్టేసింది. ఆడపిల్ల అడిగితే నమ్ముతుందేమోనని రెండోసారి ఉష చేసింది. పోలీసులకు చెబుతానని బెదిరించి ఆవిడ మళ్ళీ పెట్టేసింది. రెండుసార్లూ నేను తెప్పించిన అంకెలు వృథా అయ్యాయి. ఆ అంకెలు రోజుకి మూడుసార్లు మాత్రమే తెప్పించుకోవచ్చు. మూడోది కూడా పోతే మర్నాటి దాకా ఖాతాకి తాళం పడుతుంది. ఒక్కసారి వచ్చిన అంకెలు పది నిమిషాలే పనిచేస్తాయి. అంటే మాకు మిగిలింది ఒకే ఒక్క పది నిమిషాలు.

వాట్సాప్‌లో ఆ నంబరు చూస్తే ఆవిడ కూడా వ్యాపారస్తురాలే. 'భూలక్ష్మి పచ్చళ్ళు, యూసుఫ్‌గూడ' అని పేరు, మసకగా ఒక జాడీ ఫొటో, కింద ఇంటి అడ్రస్. మధ్యాహ్నమంతా వేరే దారులు వెతికి, చివరికి సాయంత్రం వెళ్ళి ముఖాముఖి అడుగుదామన్నాను. శివరాములు గారు నాలుగు లేబుళ్ళు, పాత బిల్లు పుస్తకం సంచిలో వేసుకుని నా బండి వెనక కూర్చున్నాడు. ఆ బిల్లు పుస్తకం ఎందుకని అడిగితే, మనం ఎవలమో ఆమెకు తెల్వాలె గదా అన్నాడు.

రెండో అంతస్తులో ఇల్లు. వరండా నిండా జాడీలు, ఆవపిండి ఘాటు. భూలక్ష్మి గారికి అరవై ఏళ్ళుంటాయి. గ్రిల్ తలుపు తీయకుండానే సంగతంతా విన్నది. నా మాట తీరు చూసి మీదే ఊరని అడిగింది. తణుకు పక్కన అన్నాను. మాదీ అటేనంటూ తలుపు తీసి కుర్చీలు వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ పొద్దున ఫోన్ చేసింది మేమేనని చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. కిందటేడు ఎవడో మిలిటరీ ఆఫీసరునని చెప్పి ఇరవై కిలోల ఆవకాయ ఆర్డరు ఇచ్చాడట. అమ్మా అమ్మా అని తియ్యగా మాట్లాడి, కార్డు ఫొటో పంపి, చివరికి ఫోన్‌కి వచ్చిన అంకెలు అడిగి తెలుసుకుని బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేశాడట. నేను ఆధార్ తీసి చూపించాను. వాడూ చూపించాడు బాబూ అంది. శివరాములు గారు లేబుళ్ళు, బిల్లు పుస్తకం బల్ల మీద పరిచాడు. ఆవిడ ఒక లేబుల్ తీసుకుని కుట్టు బాగుందని మెచ్చుకుని తిరిగిచ్చేసింది. ఏం చేయాలో తోచక, మీ పచ్చళ్ళకి ఉచితంగా వెబ్‌సైట్ చేసిపెడతానన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట ఇంకోటి ఉండదు. ఉచితం అనగానే ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

ఐదున్నర అయింది. చివరికి ఆవిడే మెత్తబడి, సరే, అదేదో రానీయండి, ముందు చూస్తాను అంది. ఐదూ ముప్పై ఐదుకి నా ఫోన్‌లో బటన్ నొక్కాను. వంటింట్లో ఆవిడ ఫోన్ మోగింది. తెచ్చుకుని, కళ్ళజోడు వెతుక్కుని, మెసేజ్ మొదటి నుంచీ చదివింది. చదవడం అయ్యాక చివరి వాక్యం మాకు కూడా వినిపించేలా చదివింది.

"ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు అని రాసుందిగా బాబూ."

తొందరపడండి, పది నిమిషాలే టైముంది అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. తొందరపెట్టేవాణ్ణి అస్సలు నమ్మొద్దని ప్రతి బ్యాచ్‌కీ చెప్పేది నేనే. ఆ మాట అంటే ఆవిడ కచ్చితంగా లేచి తలుపు చూపిస్తుంది. అనకపోతే టైము పోతుంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

ఆవిడ ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"మీ అమ్మ ఒక్కతే ఇంట్లో ఉందనుకో. ముక్కూ మొహం తెలియని ఇద్దరు మగాళ్ళు వచ్చి ఇలా అడిగారు. చెప్పమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పు."

అబద్ధం చెప్పాలనే ఉంది. చెప్పమంటాను అంటే ఆవిడ చెప్పేసేదేమో. శివరాములు గారి బతుకు నిలబడేది, నా తప్పు కప్పబడిపోయేది. కానీ ఊళ్ళో మా అమ్మ గుర్తొచ్చింది. ఎవరు ఫోన్ చేసినా నన్నడగకుండా ఒక్క అంకె కూడా చెప్పొద్దని దాదాపు రోజూ ఆవిణ్ణి విసిగిస్తూ ఉంటాను.

"వద్దనే అంటానండీ," అన్నాను.

శివరాములు గారు లేబుళ్ళు ఏరి సంచిలో వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇయ్యకుండ్రి అమ్మా. మీరు చేసిందే సై. మిమ్మల్ని మస్తు పరేషాన్ చేసినం."

ఇద్దరం కిందికి వచ్చాం. నేను బండి తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని చివరి మెట్టు మీద కూర్చున్నాడు. క్షమించండి అన్నాను. పదకొండేళ్ళు ఆలస్యంగా అన్నాను. పోనీ సార్, నాకు తెల్వక మీకు ఇస్తి, మీకు తెల్వక చేస్తిరి అన్నాడు. నాకు తెలిసే చేశానని చెప్పడానికి నోరు రాలేదు.

పైన మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. భూలక్ష్మి గారు మెట్ల రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. చేతిలో క్యాలెండరు నుంచి చింపిన కాగితం ముక్క. దాని మీద పెద్ద పెద్ద ఆరంకెలు.

"అల్లుణ్ణి అడుగుదామని ఫోన్ చేశాను, ఎత్తలేదు," అంది ఆయాసపడుతూ. "తర్వాత నాకే అనిపించింది. మోసం చేసేవాడైతే మీ అమ్మకి వద్దంటానని చెప్పడు కదా. తీసుకో బాబూ. అన్నయ్య గారి దుకాణం బాగుండాలి."

కాగితం అందుకుని టైము చూశాను. ఐదూ యాభై రెండు. అయినా అంకెలన్నీ కొట్టాను, ఒకటి తప్పు పడకుండా చూసుకుంటూ కొట్టాను. గడువు ముగిసిందని ఒక వాక్యం, మళ్ళీ రేపు ప్రయత్నించమని దాని కింద ఇంకో వాక్యం వచ్చాయి. ఫోన్ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తల ఎత్తితే ఆవిడ మొహం చూడాల్సి వస్తుంది.

"పడిందా?" అని అడిగింది ఆవిడ.

శివరాములు గారు మెట్టు మీద నుంచే నా వైపు చూశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆ ఫోన్‌లో ఏముందో ఆయనకి కనబడదు. నా మొహం చూస్తే చాలింది. గోడ పట్టుకుని లేచి ఆవిడకి రెండు చేతులూ జోడించాడు.

"పడ్డదమ్మా," అన్నాడు. "మా దుకాణం నిలవెట్టినవు."

ఆవిడ మొహం విప్పారింది. ఉత్త పుణ్యానికి మిమ్మల్ని అనుమానించానని నొచ్చుకుంది. పనైపోయింది కాబట్టి కంగారేం లేదని, కొత్తావకాయ ఒక సీసా ఇస్తాను, తీసుకోకుండా వెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. వద్దన్నా వినకుండా రెయిలింగు పట్టుకుని మళ్ళీ రెండంతస్తులూ ఎక్కడం మొదలుపెట్టింది. ఆవిడ వచ్చేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. ఆరు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.