మూడో తోట

"రాత నీది, మాట మాది. నువ్వేం కంగారు పడకు" అన్నాడు మేనమామ క్లీటస్. ఒటీలియా అప్పుడు కొబ్బరి తురుముతోంది. ఒప్పుకుంటావా అని ఎవరూ అడగలేదు. అడిగినా పదహారేళ్ళ ఆ పిల్ల తల ఊపడం తప్ప ఏమీ అనేది కాదు. నలుగురిలో నోరు విప్పడం ఆమెకు చేతకాదు. చెప్పాలనుకున్నవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అందుకే చేతిరాత గుండ్రంగా కుదిరింది.

ఊరి సమావేశపు పాక ముందు పెట్టడానికి పెద్ద చెక్క ఒకటి చిత్రిక పట్టి ఉంచారు. పదేళ్ళు నడిచిన యుద్ధంలో తమ వైపు జరిగిన పెద్ద పోరాటాలన్నీ వరసగా దానిమీద రాయాలి. ముందు సుద్దతో, తర్వాత రంగుతో. ఆదివారం పూజ అయ్యాక నిలబెడతారు. ఒకసారి రంగు పడ్డాక దాన్నెవరూ మార్చరు. రేపు పుట్టే పిల్లలకి యుద్ధమంటే ఆ చెక్క మీద ఉన్నదే.

శనివారం పొద్దున మావయ్య, నాన్న అలోయిస్ వక్కా సున్నం ముందేసుకుని కూర్చున్నారు. మొదటి వరస దగ్గరే ఆగిపోయారు.

"ముందు వంతెన, తర్వాత చర్చి కొండ" అన్నాడు నాన్న.

"నీ మొహం బావా! కొండ మీద నీ కాలికి దెబ్బ తగిలిందా లేదా? మరి వంతెన దగ్గర కుంటుతూ ఉన్నదెవరు, మీ తాతా?"

కొండ పోరు ఏ ఏడాదో ఎవరికీ గుర్తులేదు. తమ బోగెన్‌విల్ దీవికి ఓడలు రాకుండా ప్రభుత్వ సైన్యం సముద్రాన్ని మూసేసిన రోజులవి. క్యాలెండర్లు లేవు, రేడియోలో బ్యాటరీ లేదు. వంట పాకలో పొయ్యి ఊదుతున్న అమ్మ స్కొలాస్టికా తల ఎత్తకుండానే చెప్పింది.

"కొండ మీద కాల్పులప్పుడు మొదటి తోటలో తీగలు పాకుతున్నాయి. వంతెన మూడో తోటలో."

"యుద్ధాన్ని చిలగడదుంపలతో కొలుస్తావేంటే!" నాన్న పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. సరిపోయింది. "అదే నేనూ అంటున్నా" అన్నాడు మావయ్య. ఒటీలియా సుద్దతో కొండని పైన, వంతెనని కింద రాసింది. ఎవరు చెబితే ఆ వరస కుదిరిందో మాత్రం అందులో లేదు.

ఆమెకు ఒకటే కుతూహలం పట్టుకుంది. సైన్యం దగ్గరికొచ్చినప్పుడల్లా ఊరు అడవిలో ఇంకాస్త పైకి జరిగేదట. జరిగిన చోటల్లా అడవి కొట్టి కొత్త తోట వేసేవాళ్ళట. వేసిందెవరు? మగవాళ్ళు తుపాకులతో ఉన్నారు. అంటే అమ్మ. ఈ ఊళ్ళో నేల ఆడవాళ్ళదే. తల్లి నుంచి కూతురికి వస్తుంది, మగవాడు పెళ్ళయ్యాక భార్య నేల మీదికి వస్తాడు. కానీ ఆ నేల తరఫున సభలో మాట్లాడేది మాత్రం మేనమామ. అది ఒటీలియాకి ఎప్పుడూ వింతగా అనిపించలేదు. ఇవాళ అనిపించింది.

మధ్యాహ్నం దుంపలు తవ్వడానికి అమ్మ వెంట వెళ్ళింది.

"అమ్మా, నేను ఏ తోటలో పుట్టాను?"

నాన్న చెప్పేది వేరు. వంతెన యుద్ధం నాడు పుట్టావనీ, మా తుపాకులకి జడిసి అవతలివాళ్ళు గంటసేపు నోరు మూసుకున్నారనీ ప్రతి పుట్టినరోజుకీ చెబుతాడు.

అమ్మ మట్టి దులిపి దుంపని బుట్టలో వేసింది. "మూడో తోటలో నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులు. నువ్వు అడ్డం తిరిగావు. మన వైపు మందు బిళ్ళ కూడా లేదు. నర్సు ఏటికి అవతల, సైన్యం శిబిరంలో ఉంది. మీ హెలారియా పెద్దమ్మ, ఇంకో ముగ్గురు నన్ను దుప్పట్లో వేసి వెదురు బొంగుకి కట్టారు. దాటాలంటే వంతెన ఒక్కటే. రెండు వైపులా కాలుస్తున్నారు. పెద్దమ్మ తన లోపావడా విప్పి దుంపలు తవ్వే కర్రకి కట్టింది. తెల్లగుడ్డ అదొక్కటే ఉంది మరి."

"ఎవరు ముందు ఆపారు?"

"నాకేం తెలుసే? నేను ఆకాశం చూస్తూ పడుకున్నాను. ఒక సిపాయి 'త్వరగా, త్వరగా' అన్నాడు. అది విన్నాను."

"తర్వాత?"

"తర్వాత అవతల నర్సు చేతిలో నువ్వు పుట్టావు. ఆ పైన వారానికోసారి అదే గుడ్డ పట్టుకుని దాటేవాళ్ళం. మందులు, ఉప్పు, అటుపక్క తల్లుల కబుర్లు. మగవాళ్ళు శాంతి మాటలకి కూర్చుంది చాలా తర్వాత. వాళ్ళు నడిచిందీ ఆ వంతెన మీదే."

"నాన్నకి చెప్పలేదా?"

"మూడు నెలలకి వచ్చాడు. వంతెన కాల్పుల నాడు పుట్టిందని చెప్పాను. నిన్ను చూసి 'ఆడపిల్లా? మంచిది, నేల నిలబడుతుంది' అన్నాడు. దుంపలున్నాయా అని అడిగాడు. ఉడకబెట్టాను. ఇంకేమీ అడగలేదు."

సాయంత్రం రాయిస్తూ రాయిస్తూ మావయ్య వంతెన వరసకి వచ్చాడు. "రాయి. మన విజయం. శత్రువు భయపడి గంటసేపు తుపాకులు దించాడు."

ఒటీలియా సుద్ద పక్కన పెట్టింది. ఈసారి ఆ ప్రశ్న లోపల ఉండనంది. "మావయ్యా, వాళ్ళు భయపడ్డారు సరే. ఆ గంటలో మీరెందుకు కాల్చలేదు?"

నాన్న వక్క నమలడం ఆపాడు.

"ఎవరో ఆడవాళ్ళు దాటుతుంటే..." అన్నాడు. "ఎవర్నో మోసుకెళ్తున్నారు. దూరం. తెల్లగుడ్డ ఒకటి కనబడింది." అతని చూపు వంట పాక వైపు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అమ్మ కొబ్బరి తురుముతోంది.

"అది పెద్దమ్మ లోపావడా నాన్నా. దుప్పట్లో ఉన్నది అమ్మ. లోపల నేను."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది కానీ, ఊరంతా చూసే చెక్క మీద లోపావడాలూ దుప్పట్లూ రాస్తామా? జాగా కూడా లేదు. నేను చెప్పింది రాయి తల్లీ."

ఒటీలియా చెక్కని రెండు చేతులతో ఎత్తింది. బరువుగానే ఉంది. ఈడ్చుకుంటూ వంట పాక దాకా తీసుకెళ్ళి తల్లి ఎదురుగా ఆనించింది. "నువ్వు చెప్పమ్మా. నేను రాస్తాను."

స్కొలాస్టికా తురుము పీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, అన్న రాయించినదాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఆ సుద్దంతా తుడిచెయ్యి" అంది. "మొదటి తోట దగ్గర్నుంచి చెబుతాను."