ఒక్క మెతుకు చాలదు

ముందు కత్తి సానపట్టాలి. మైనం దిమ్మల్ని మంచు మీద చల్లబరచాలి. తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉంచాలి. గాజు పలకలకు గుడ్డు తెల్లసొన పల్చగా రాయాలి. ఫ్యాను ఆపాలి, లేకపోతే కోసిన పొర ఎగిరిపోతుంది. ఏ దిమ్మ ఏ ఎలకదో కోసేవాళ్లకు తెలియకుండా పైన అంకె మాత్రమే వేయాలి. ఇవన్నీ అయ్యాకే నా చక్రం తిప్పాలి.

నేను ఒక మైక్రోటోమ్‌ని. పేరు కొత్తగా ఉందని బెదరకండి. శరీరంలోంచి తీసిన ముక్కను మైనంలో పోతపోసి నా ముందు బిగిస్తే, వెంట్రుక కన్నా సన్నని పొరలుగా కోసి ఇస్తాను. ఆ పొరకు రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, చదువుకున్నవాళ్లు తీర్పు చెబుతారు. తీర్పు మెచ్చుకోలు తెస్తే పేరు వాళ్లది. తేడా వస్తే కోత బాగోలేదని తప్పు నాది. ఈ న్యాయం నాకు అలవాటే.

ఎక్కడో ఉత్తరాదిన, ఇలాంటి యంత్రాలు చేసే అంబాలాలో పోత ఇనుముతో పుట్టాను. ఒంటికి ఆకుపచ్చ రంగు వేసి రైలెక్కించారు. నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఎక్కువగా ఆడవాళ్ల రొమ్ము గడ్డలు కోశాను. డాక్టర్లు అడిగేది ఒక్కటే, ఎంతదాకా పాకిందని. ఎక్కడినుంచి వచ్చిందని ఏ ఒక్కరూ అడగలేదు. కొంతకాలానికి కంప్యూటరు తగిలించిన కొత్త యంత్రం వచ్చింది. నన్ను యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగానికి దానం చేసి ఫోటో దిగారు. ఫోటోలో నేను లేను.

అక్కడ నా దుమ్ము తుడిచిన మనిషి పైడిరత్నం. పరిశోధక విద్యార్థిని. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే పిన్ని సింహాచలం పెంచింది. సింహాచలం ఊరి బయట రంగుల ఫ్యాక్టరీలో, డ్రమ్ములు కడిగే షెడ్డులో పనిచేసేది. డ్రమ్ము అడుగున పట్టేసిన రంగును ఘాటైన ద్రావకంతో కరిగించి, చెయ్యి లోపలికి దూర్చి గుడ్డతో తుడవాలి. తల తిరిగితే కాసేపు బయట కూచుని మళ్లీ లోపలికి పోవాలి. ఆడవాళ్ల చేతులు చిన్నవి, డ్రమ్ము మూతిలో పడతాయి, అందుకే వాళ్లని పెట్టుకున్నామని మేనేజరు చెప్పేవాడు. కూలి కూడా చిన్నదేనన్న సంగతి చెప్పేవాడు కాదు.

సింహాచలానికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఒక రొమ్ము తీసేశారు. ఆమె తర్వాత అదే షెడ్డులో ఇంకో ఇద్దరికి వచ్చింది.

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీవాళ్లు షెడ్డును రెండింతలు చేస్తామన్నారు. దానికి సర్కారు పెట్టే ప్రజాభిప్రాయ సభ ఒకటి గట్టెక్కాలి. ఆ ద్రావకం వల్ల హాని లేదని అక్కడ చూపించడానికి, ఎలకల మీద పరీక్షించి చెప్పమని మా విభాగానికే ప్రాజెక్టు ఇచ్చారు. రత్నం గైడు ప్రొఫెసర్ భానోజీరావు ఒప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు, రిటైరు కాబోతున్న మనిషి, గొడవ అంటే అన్నం సయించదు. పని రత్నం చేతికి వచ్చింది. ఎలకల్ని మాత్రం ఎవరూ అడగలేదు. సగం ఎలకలు పసితనం నుంచి ద్రావకం కలిసిన గాలి పీల్చాయి, సగం మంచి గాలి పీల్చాయి, చివరికి అన్నీ నా దగ్గరికే వచ్చాయి.

ఇలాంటి పరీక్షలకు ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం ఒక్కో ఎలక కుడివైపున చివరి చనుమొన దగ్గర, చర్మంతో కలిపి, చిక్కుడు గింజంత ముక్క తీసి అడ్డంగా కోయాలి. అలాగే కోశాం. ఏమీ కనబడలేదు. మార్పు లేదని రత్నం టైపు చేసింది. సంతకాలే తరువాయి.

ఆ మధ్యాహ్నం సింహాచలం క్యారేజీ పట్టుకుని వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూచుంది.

"ఏటే రత్నాలూ, ఎలకలకి కూడా రొమ్ములుంటాయేటి?"

"చనుమొనలు పన్నెండుంటాయి పిన్నీ. లోపల గ్రంథి మెడ కాడ మొదలై తొడల దాకా చర్మం కింద పరుసుకుని ఉంటాది."

"ఓలమ్మ. నాకు రెండుంటేనే ఒకటి పోనాది. పన్నెండు కాసుకోడం దాని వల్లేటవుద్ది," అని సింహాచలం నవ్వింది.

రత్నం నవ్వలేదు. తను చెప్పిన మాట తన చెవిలోనే పడింది. మెడ నుంచి తొడ దాకా ఉన్నదాన్ని చిక్కుడు గింజంత చోట చూసి, మార్పు లేదని రాసింది తనే. క్యారేజీ మూత తీయకుండానే భానోజీరావు గదికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, అంతా వినబడింది.

"పద్ధతి మనం పెట్టింది కాదమ్మా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ?"

"ఉడికిందో లేదో చూడ్డానికి చాలు సార్. రాళ్లున్నాయో లేదో చూడాలంటే బియ్యమంతా చెరగాలి."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఎడమవైపు గ్రంథులు మొత్తంగా తీసి సీసాల్లో దాచినవి ఉన్నాయిగా. కోసుకో. నేను చూడలేదు."

అప్పుడు మొదలైంది నా అసలు పని. గ్రంథి నిండా కొవ్వు. కొవ్వంటే నాకు పడదు, కత్తి ముందు నలిగిపోతుంది. రత్నం దిమ్మల్ని మంచులో ఇంకాసేపు ఉంచింది, కత్తి వాలు మార్చింది, చక్రం మెల్లగా తిప్పింది. అడ్డంగా కాదు, పరిచిన గుడ్డను పొరలుగా లేపినట్టు నిలువునా, మెడ నుంచి తొడ దాకా వరుస తప్పకుండా కోశాం. ఎవరు వద్దన్నా ఆగకూడదని నాకు అప్పుడే అనిపించింది. పోత ఇనుముకి పంతం ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.

పలకలన్నీ చూడడం అయ్యాక, ఏ అంకె ఏ ఎలకదో చెప్పే కవరును భానోజీరావు తన చేత్తోనే చింపాడు. ద్రావకం పీల్చిన ఎలకల్లో చాలావాటికి పాల నాళాల గోడలు దళసరెక్కి, కణాలు గుంపులు కట్టాయి. క్యాన్సర్ కాదు, దానికి ముందు మెట్టు. మంచి గాలి పీల్చినవాటిలో అలాంటిది ఒకటీ అరా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. "రెండు కోతలూ రిపోర్టులో పెట్టు," అన్నాడు చివరికి.

రిపోర్టు సంగతి తెలిసి కంపెనీ ఆయన కారులో వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఎలకకీ మనిషికీ తేడా లేదా అమ్మా?"

"ఉంది సార్. కానీ హాని లేదని చూపించడానికి మీరు తెమ్మన్నదీ ఎలకల్నే కదా. అప్పుడు ఆ తేడా గుర్తుకు రాలేదా?"

ఆయన టీ తాగకుండా లేచాడు. వారం తిరక్కుండా ప్రాజెక్టు రద్దయింది. రిపోర్టు మాత్రం రత్నం సంచిలో ఉంది.

సభకు నేను వెళ్లలేదు, నన్ను మోసేవాళ్లెవరు. భానోజీరావు వెళ్లి వెనక వరసలో కూచున్నాడట. మర్నాడు నా పక్క స్టూలు మీద కూచుని విభాగంలో చదివే పిల్లలకు చెప్పాడు.

రత్నం రెండు కోతల సంగతీ చదివి, "మా పిన్ని జబ్బు దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేను. దీనివల్ల ఏమీ కాదని మాత్రం వాళ్లు చెప్పలేరు," అందట. సభ నడిపే అధికారి గడియారం చూసుకుని, "ఎలకల సంగతి చాలమ్మా, మనుషుల సంగతి ఏమన్నా ఉంటే చెప్పండి," అన్నాడట.

అప్పుడు సింహాచలం లేచింది. నెమ్మదిగా నడిచి బల్ల దగ్గరికి వెళ్లింది. పైట సర్దుకుంటూ రవికలోకి చెయ్యి పెట్టి, రొమ్ము లేని చోట కుక్కుకున్న గుడ్డ ఉండను తీసి ఆయన కాగితాల మీద పెట్టింది.

"ఎలకలది సదివినారు. ఇది మనిసిది. సూడండి బాబూ."

ఎవరూ ఆ గుడ్డను చూడలేకపోయారట. వెనక నుంచి షెడ్డు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆమె పక్కన నిలబడ్డారట. చెబుతూ చెబుతూ భానోజీరావు కిటికీ వైపు తిరిగాడు.

షెడ్డు విస్తరణ ఆగింది. రద్దు కాలేదు, ఆగింది. తేడా నాకు తెలుసు. ఆ వానాకాలంలో సింహాచలానికి జబ్బు తిరగబెట్టింది. శీతాకాలం చూడకుండానే పోయింది. రత్నం ఇప్పుడు వేరే ఊళ్లో పాఠాలు చెబుతోంది. ఎలకను అడ్డంగా కోయాలా, నిలువునా కోయాలా అన్నది మొదటి పాఠమట.

నేను స్టోరు గదిలో విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. పనికిరానిదని నా మెడకు చీటీ కట్టారు. కట్టుకోనివ్వండి. చక్రం తిప్పి చూడండి, తిరుగుతుంది. కత్తి పెట్టి చూడండి, కోస్తాను. పాత ఇనుము కింద కరిగించినా నేను కోసిన పొరలు గాజు మీద అలాగే ఉంటాయి. వాటిని కరిగించడం ఎవరి తరమూ కాదు.

మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ ఇంటి గోడకు రంగు వేయిస్తారు. బాగుందని చెయ్యి పెట్టి చూసుకుంటారు. ఆ రంగు ఏదో ఒక డ్రమ్ములోంచి వచ్చింది, ఆ డ్రమ్మును ఎవరో లోపలికి చెయ్యి పెట్టి కడిగారు. నాకు తెలిసిన ఆమె పేరు సింహాచలం. గుర్తుపెట్టుకోండి.