గడ్డి ఇంటి బొడ్డుపేగు

తెల్లారకముందే దుబాయ్‌లో ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ దగ్గర కంపెనీ బస్సెక్కడం, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడడం, సముద్రం ఒడ్డున రిసార్టు సైటులో దిగడం. జలంధర్‌కు ఏడు నెలలుగా ఇదే బతుకు. అక్కడ హవాయి దీవుల పద్ధతిలో ఒక గడ్డి ఇల్లు కడుతున్నారు. ఒక్క మేకు కూడా కొట్టకూడదు. వాసాలకు కొబ్బరిపీచు తాళ్ళు, కప్పుకు ఓడలో వచ్చిన పిలి గడ్డి. జగిత్యాల దిక్కు గుడిసెలు కప్పిన చెయ్యి గనక ఆ పని అతనికి కొత్త కాలేదు. కొత్తది ఒక్కటే. గుమ్మం మీద ఒక గడ్డి కుచ్చును కోయకుండా వదలాలి. అది ఇంటికి బొడ్డుపేగట. యజమాని వచ్చి కోస్తేనే ఇల్లు పుట్టినట్టు.

ఆ కుచ్చు రోజూ జానెడు పెరిగేది. పెరిగినదాన్ని చుట్టచుట్టి పైన కట్టడం జలంధర్ డ్యూటీ. పట్టుకుంటే వెచ్చగా, లోపల నాడి కొట్టుకుంటున్నట్టు ఉండేది.

ఆ పొద్దున అది గుమ్మం గుంజకు మూడు చుట్లు బిగుసుకుని ఉంది. ఎంత లాగినా వేలు దూరే సందు ఇవ్వలేదు. అప్పుడే ఫోను మోగింది. నెలలు నిండిన భార్య సునందను ముందురోజే ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చారు.

"బిడ్డా, సునందను లోపటికి తీస్కపోయిండ్రు," అంది తల్లి సాయవ్వ. "పేగు పిల్ల మెడకు సుట్టుకున్నదట. గుండె సప్పుడు తగ్గుతున్నదంటున్రు. నువ్వేమో ఆ దుబాయ్‌ల కూసున్నవ్."

జలంధర్ కుచ్చును పట్టి చూశాడు. నాడి నెమ్మదించింది. ఫోను కట్ చెయ్యకుండానే జేబులో వేసుకుని కొడవలి అందుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్?" ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్ ఉరికొచ్చాడు. కోరుట్ల మనిషి. సెలవు అడిగిన మూడుసార్లూ అరబ్బీలో మాఫీ, లేదు పొమ్మన్నది ఆయనే. "ఎల్లుండి సేఠ్ వచ్చి కోస్తడు. నువ్వు కోస్తే కంపెనీల ఉంచరు."

"ఎల్లుండిదాకా ఆగదు సాబ్. పట్టి సూడుండ్రి."

ఇక్రాముద్దీన్ చెయ్యి ఆనించాడు. నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ముందుగాల రెండు దిక్కుల తాడు కట్టు," అన్నాడు చివరికి. "నడుమ కొయ్యి. మా అమ్మీ మంత్రసాని. గట్లనే కోసేది."

ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. జలంధర్ కోశాడు. గుంజకు బిగిసిందంతా వదులై నేల మీద పడింది.

"అమ్మా," అన్నాడు ఫోను తీసి చెవికి పెట్టుకుని. మళ్ళీ పిలిచాడు.

అప్పుడు వినిపించింది ఏడుపు. సన్నగా, కోపంగా.

"ఆడివిల్ల," అంది సాయవ్వ. "పేగు దానంతటదే వదులైందట."

ఇక్రాముద్దీన్ రిపోర్టు పుస్తకం తెరిచి, జలంధర్ పేరు రాశాడు.

"రాయక తప్పదు. రేపటి ఫ్లైట్‌కు పంపేస్తరు," అన్నాడు తలెత్తకుండా. "మూడుసార్లు అడిగినవ్ గదా. ఇగ పో."

జలంధర్ తెగిన కుచ్చును టిఫిన్ డబ్బాలో సర్దుకున్నాడు. క్యాంప్ చేరేదాకా డబ్బా వెచ్చగానే ఉంది.